చివరి చుట్టు

నిన్న జగిత్యాల ఆఫీసులో, నాతో పనిచేసే రజిత డబ్బా మూత తీయగానే నువ్వులూ వామూ కలిసిన వాసన గదంతా నిండింది. సకినాలు. ఆ వాసన వస్తే నాకు పని సాగదు. నా పని పటం మీద సున్నాలు గీయడం: ఏ ఊరి నుంచి ఎక్కువమంది గల్ఫ్‌కు పోతే ఆ ఊరి మీద అంత పెద్ద సున్నా. ఈ విద్యను కాలేజీకంటే ముందే, కోరుట్ల దగ్గరి మా వాకిట్లో, మా మేనత్త ఫీజు లేకుండా నేర్పింది.

ఆ రోజుల్లో మా వైపు మగవాళ్లు రెండే రకాలు: దుబాయ్‌లో ఉన్నవాళ్లు, దుబాయ్ పోవడానికి తిరుగుతున్నవాళ్లు. ఎవరు పోయినా సంచిలోకి సకినాలు చేయాల్సిందే. అందుకు సిరిసిల్ల నుంచి అత్త దిగేది. చలికాలపు పలచటి ఎండలో ఉతికిన పాత ధోవతి పరిచి, తడి బియ్యప్పిండిని వేళ్ల సందున మెలితిప్పుతూ, చుట్టు మీద చుట్టు పోస్తూ, ఊళ్ల కబుర్లన్నీ చెప్పేది. మేం అల్లరి చేయకుండా ఒక ఆట కనిపెట్టింది. ధోవతే మా పటం: ఈ మూలన మల్యాల, ఆ మూలన గంభీరావుపేట, అంచున ఎల్లారెడ్డిపేట. ఆ ఊళ్లో మాకు తెలిసినవాళ్లు ఎందరు పోతే సకినానికి అన్ని చుట్లు. నడుమ మా ఊరు. అన్నిటికంటే పెద్ద సకినం. మాకదో గొప్ప.

ఆ ఏడు వీసా మా బాపుకు వచ్చింది.

"అక్కా, నాదో చుట్టు పొయ్యవా?"

"ఇంక పోస్తె నూనెల నిలువదు తమ్మీ. గిప్పటికే చాటంతయింది."

"నిలువకుంటె నేనే తింట. పొయ్యి."

పోసింది. మూకుడు ముందున్న అమ్మ దాన్ని నూనెలో వదిలింది. సకినం సుయ్యిమంటూ దిగింది, తేలింది. చివరి చుట్టు ఒక్కటి మెల్లగా విడిపోయి, మూకుడు అంచుకు పోయి, అక్కడే నల్లబడింది. అందరం చూశాం.

"పిండి పల్చగైనట్టుంది," అంది అత్త. పిండి గట్టిగానే ఉంది. బాపు ఆ ముక్కను ఊదుకుంటూ తిని, "మస్తున్నది," అన్నాడు.

బాపు ఫోన్లు మొదట వారానికోసారి వచ్చేవి, తర్వాత పండుగలకు, ఆ తర్వాత లేవు. వెతికినవాళ్లు వెతికారు. అత్త ఆపైన కూడా సకినాలు పోసింది గానీ, అన్నీ మూడు చుట్లే.

ఇప్పుడు అత్త లేదు. ధోవతి పరిచే వాకిలీ లేదు. సకినాలు దుకాణంలో కిలోల లెక్కన, అన్నీ ఒకే కొలత. రజిత ఒకటి కొరుకుతూ నా పటంలోకి తొంగి చూసింది.

"మేడం, మీ ఊరిది మస్తు పెద్దగైంది. పక్క ఊర్లను మింగుతుంది. జర తగ్గియ్యాలె."

నిజమే. మా దగ్గర పోయినవాళ్ల లెక్కే ఉంటుంది, తిరిగొచ్చినవాళ్లది ఉండదు. బాపు ఇంకా అందులోనే ఉన్నాడు. సరే, తగ్గిస్తానన్నాను. ఎవరి చుట్టు తీయాలో ఆ పిల్ల చెప్పలేదు, నేనూ అడగలేదు.