సలోమి గారి ల్యాబులో చేయని పరీక్షలు

పోయిన వారం నెల్లూరు నుంచి సముద్రం వైపు వెళ్లే బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. దారిలో, పంట తీసేసిన రొయ్యల చెరువొకటి అడుగుదాకా ఎండిపోయి ఉంది. నల్లటి బురద పగుళ్లలోంచి లేచిన వాసన ఒక్క గాలి విసురుతో బస్సంతా నిండింది. ముందు సీటులో కూర్చున్నావిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని కండక్టరును విసుక్కుంది. నేను మాత్రం కిటికీ ఇంకాస్త తెరిచాను. ఆ వాసన నాకు బురద వాసనగా తోచదు. అది సలోమి గారి ల్యాబు వాసన. అక్కడ గడిపిన పది నెలలూ, చదువుకున్న మనిషినన్న నా గర్వాన్ని ఆమె ఒక్కో మాటతో సరిదిద్దిన తీరూ ఆ వాసనతో పాటే వచ్చి పక్కన కూర్చుంటాయి.

తోటపల్లి గూడూరులో ఒక ఎరువుల దుకాణం పైన రెండు గదుల్లో ఉండేది ఆ ల్యాబు. రొయ్యల రైతులు సీసాల్లో చెరువు నీళ్లు తెస్తే ఉప్పు ఎంతుందో, అమ్మోనియా ఎంతుందో పరీక్షించి కాగితం మీద రాసిచ్చేవారు. సలోమి గారు చాలా ఏళ్లు రొయ్యపిల్లల హేచరీలో పనిచేసి, తర్వాత సొంతంగా దీన్ని పెట్టుకున్నారు. యాభై దాటిన మనిషి. ఆదివారం ప్రార్థన ముగిసేదాకా తలుపు తీసేవారు కాదు, మిగతా రోజుల్లో ఎవరు ఎప్పుడొచ్చినా మూసేవారు కాదు. రైతులకు ఆమె 'ల్యాబు అక్క'. నేను సంగం దగ్గర వరి పండించే ఇంట్లో పుట్టాను. డిగ్రీ మూడేళ్లూ చర్చా పోటీల్లో వాదించాను, ఆ తర్వాత వెబ్‌సైట్లు తయారు చేయడం నేర్చుకున్నాను. తన వెబ్‌సైటును బాగుచేసే మనిషి కోసం ఆమె వెతుకుతున్నారని స్నేహితురాలు చెబితే వెళ్లాను. మొదటి రోజు ఆమె నన్ను ప్రశ్నలు అడగాల్సింది, నేనే ఆమెను అడిగాను.

"రొయ్యల చెరువుల వల్ల పక్క వరి పొలాల్లోకి ఉప్పు దిగుతుందని మా నాన్న అంటారు. మీరు ఆ చెరువులకే సాయం చేస్తున్నారు. దీన్ని ఎలా సమర్థించుకుంటారు మేడమ్?"

ఆమె సీసా మీద చీటీ అంటిస్తూనే జవాబు చెప్పారు. "మీ నాయన చెప్పింది నిజమే. వరి పొలం పక్కన తవ్వితే ఉప్పు దిగతాది. తవ్వొద్దని చెప్తే విన్నోళ్లు ఇద్దరు, విననోళ్లు బోలెడుమంది. రేపట్నుంచి రా పాపా."

"నా ప్రశ్నకు కోపం రాలేదా?"

"నిజం అడిగితే కోపమెందుకు?"

ఆ నిమిషమే ఆమె మీద గౌరవం కలిగింది. కానీ ల్యాబు పరిస్థితి బాగాలేదు. చుట్టుపక్కల చెరువు మందులమ్మే దుకాణాలు నీటి పరీక్షను ఉచితంగా చేయడం మొదలుపెట్టాయి. పరీక్ష ఉచితమే గానీ, దాని వెనకాల మందుల జాబితా ఒకటి వచ్చేది. రైతులు అటు మళ్లారు. ఒకప్పుడు బల్ల నిండా ఉండే సీసాలు రోజుకు నాలుగైదుకు పడిపోయాయి. సలోమి గారు నాకు సంగతి సూటిగా చెప్పారు: వచ్చే పంట తీసేలోగా రోజుకు పది సీసాలైనా రాకపోతే ల్యాబు మూసి, మళ్లీ ఏదో ఒక హేచరీలో ఉద్యోగానికి పోతారు. "మందులమ్మకుండా నీళ్లు చూసే చోటు ఒకటుందని జనానికి తెలియాల. తెలిసీ రాకపోతే అది వాళ్లిష్టం. తెలియక రాకపోతే అది నా తప్పు" అన్నారు.

నేను మూడు వారాలు కష్టపడి వెబ్‌సైటును కొత్తగా కట్టాను. తెరవగానే నీలి సముద్రం, దాని మీద వంతులవారీగా పక్కకు జరిగే పెద్ద పెద్ద బొమ్మలు, లేత బూడిద రంగులో సన్నని అక్షరాలు. 'శాస్త్రీయ దృక్పథంతో సుస్థిర జలసాగుకు సమగ్ర పరిష్కారాలు' అని శీర్షిక పెట్టాను. ఆ వాక్యాన్ని కాలేజీ వేదిక మీద పలికి ఉంటే చప్పట్లు పడేవి. నెల గడిచింది. ఫోనులో ఏమని వెతికినా మా పేజీ ఎక్కడో అడుగున తేలేది. సలోమి గారు ఒక మధ్యాహ్నం నా వెనక నిలబడి దాన్ని చివరిదాకా చదివారు.

"బాగా రాసినావు. అయితే ఒక మాట చెప్పు. ఇదంతా ఎవురన్నా అడిగినారా?"

"అంటే?"

"నువ్వు జవాబు రాసినావు పాపా. ప్రశ్న అడిగినోడు ఎవురు అంటా ఉండా."

నేను వాదించాను. ఒక సంస్థ తనను తాను పరిచయం చేసుకోవాలి కదా అన్నాను, నమ్మకం భాషతోనే మొదలవుతుంది కదా అన్నాను. ఆమె అంతా విని, కౌంటరు పక్కన ఒక స్టూలు వేయించారు. వారం రోజులు అక్కడ కూర్చుని, లోపలికొచ్చిన ప్రతి మనిషి నోట మొదట వచ్చే మాటను ఉన్నదున్నట్టు రాసుకోమన్నారు. నాకది శిక్షలా తోచింది. చర్చా పోటీల్లో ఎదుటివాడి మాట వినేది దానిలో తప్పు పట్టుకోవడానికే. తప్పు పట్టాల్సిన పని లేకుండా వినడం అంతవరకు నాకు అలవాటు లేదు.

రెండో రోజు పెంచలయ్య అనే రైతు కూల్‌డ్రింకు సీసాలో నీళ్లు పట్టుకొచ్చాడు. సగం సీసానే ఉంది, అందులోనూ రంగు కాస్త నారింజ.

"అక్కా, నీళ్లు రంగు మారినాయి, ఏమైంది చూడు."

సలోమి గారు సీసా వాసన చూశారు. "నీ చెరువులో రొయ్యలు కూల్‌డ్రింకు తాగతా ఉండాయి పెంచలయ్యా. సీసా కడిగినావా?"

"కడిగినా అక్కా, ఒకసారి."

"దేంతో?"

"బోరు నీళ్లతో."

"యాడ ముంచినావు?"

"గట్టు మీద కూచొని ముంచినా. లోపలికి దిగితే ప్యాంటు తడవదా?"

గదిలో ఉన్నవాళ్లంతా నవ్వారు. సలోమి గారూ నవ్వారు. అయినా ఆ సీసాను పక్కన పెట్టేశారు, పరీక్ష చేయలేదు. చెరువు నీళ్లతోనే సీసాను మూడుసార్లు కడగాలని, గట్టుకు దూరంగా నీటి లోపల ముంచాలని, గాలి మిగలకుండా మూతిదాకా నింపాలని, ఎండ తగలకుండా వెంటనే తేవాలని చెప్పి పంపారు. ఆ వారంలో అవే మాటలు ఆమె పంతొమ్మిది సార్లు చెప్పడం నేను లెక్కపెట్టాను. నా పుస్తకంలో మిగిలిన ప్రశ్నలూ అలాంటివే. తెల్లారేసరికి రొయ్యలు పైకి తేలతా ఉండాయి, ఏం చెయ్యాల? వాన పడినాక మేత వెయ్యొచ్చా? నురగ గట్టు దగ్గరికి కొడతా ఉంది, ఎందుకు? వాటిలో ఒక్కదానికీ నా వెబ్‌సైటులో జవాబు లేదు. వాళ్లలో చాలామంది టైపు చేయరని, ఫోనులో మైకు నొక్కి ఇవే ప్రశ్నలను నోటితో అడుగుతారని కూడా అక్కడే తెలుసుకున్నాను. ఎవరూ ఏనాడూ 'సమగ్ర పరిష్కారాలు' కావాలని మైకులో అడిగి ఉండరు.

నా పాఠం అక్కడితో ముగియలేదు. ఇంకో వారానికి సలోమి గారు నన్ను స్కూటీ మీద పెంచలయ్య చెరువు గట్టుకు తీసుకెళ్లారు. మిట్టమధ్యాహ్నం. పెంచలయ్య చేతులు మేతతో తడిగా ఉన్నాయి, ఫోను అద్దం ఒక మూల పగిలి ఉంది. మా వెబ్‌సైటును తెరవమన్నారు ఆమె. తెల్లటి తెర మీద చిన్న చక్రం తిరగసాగింది. తిరుగుతూనే ఉంది. చివరికి సముద్రం బొమ్మ సగం వచ్చి ఆగిపోయింది. దాని మీది బూడిద అక్షరాలు ఆ ఎండలో నాకే కనబడలేదు.

"ఇదేందక్కా, చెరువులో గాలి కొట్టే చక్రాలు తిరగాల్సింది పోయి ఫోన్లో తిరగతా ఉండాయి" అన్నాడు పెంచలయ్య.

"ఆఫీసులో చక్కగా కనిపిస్తుంది మేడమ్" అన్నాను, నాకే వినబడనంత చిన్నగా.

"రొయ్యల్ని ఆఫీసులో పెంచరు గదా పాపా."

ఆ రాత్రి నాకు కోపం వచ్చిందో సిగ్గు వేసిందో ఇప్పుడు చెప్పలేను. మర్నాడు మాత్రం జరిగే బొమ్మలన్నీ తీసేశాను. తెల్లటి నేపథ్యం మీద లావుపాటి నల్ల అక్షరాలు, అన్నిటికన్నా పైన వేలితో నొక్కితే మోగే ఫోను నంబరు. ఒక్కో ప్రశ్నకు ఒక్కో పేజీ, ఆ పేజీకి ఆ ప్రశ్నే శీర్షిక, దాని కింద సలోమి గారు కౌంటరు దగ్గర చెప్పే జవాబు. మ్యాపులో మా ల్యాబు గుర్తు కాలవకు అవతలి ఒడ్డున ఉంటే సరైన చోటికి మార్పించి, మెట్ల ఫోటో ఒకటి పెట్టాను. 'నీళ్లు ఎలా తేవాలి' అన్న పేజీకి పెంచలయ్యే సీసా పట్టుకుని చెరువులో నడుముదాకా దిగి ఫోటోకు నిలబడ్డాడు. ప్యాంటు తడిసింది.

అప్పుడే పట్నం నుంచి ఒకతను వచ్చాడు. నెల రోజుల్లో మా పేరును వెతుకులాటలో మొదటి వరసకు తెస్తానని, రైతుల పేరుతో యాభై మెచ్చుకోళ్లు కూడా తనే రాయిస్తానని అన్నాడు. నాకు మళ్లీ వేదిక దొరికినట్టయింది. పుట్టని రైతుల నోట రాని మాటలు పెట్టి రైతులనే పిలవడం మోసం కాదా అని అతన్ని నిలదీశాను. అతను టీ కూడా తాగకుండా మెట్లు దిగిపోయాడు. మెచ్చుకుంటారనుకుని సలోమి గారి వైపు చూశాను. ఆమె కంప్యూటరు తెర మీద మా మొదటి పేజీని చూపించారు. అక్కడ నేను రాసిన వాక్యం ఇంకా ఉంది: 'జిల్లాలోనే అత్యంత కచ్చితమైన పరీక్షలు.'

"జిల్లాలో ఎన్ని ల్యాబులు చూసినావు నువ్వు?"

"మనదొక్కటే" అన్నాను.

"అతను యాభై అబద్ధాలు అమ్మడానికొచ్చినాడు. నువ్వు ఒకటి ఊరికే ఇచ్చినావు."

మూడేళ్ల పోటీల్లో ఏ ప్రత్యర్థీ నన్ను అంత తేలికగా ఓడించలేదు. నేను ఆ వాక్యం తీసేశాను. ఖాళీ అయిన చోట ఏం రాయాలని అడిగితే, "మనం చెయ్యలేనివి రాయి" అన్నారు. ల్యాబు బతకాలంటే గొప్పలు చెప్పాల్సిన సమయంలో లోపాలు చెప్పుకోవడం ఏమిటని వాదించాను. ఆమె వినలేదు. ఆమె చెబుతుంటే రాశాను: సీసాలో తెచ్చిన నీటిలో ఆక్సిజన్ సరిగా చూడలేము, దానికి చెరువు దగ్గరికే రావాలి, పిలిస్తే వస్తాము. వైరస్ పరీక్ష చేసే యంత్రం మా దగ్గర లేదు. నీళ్లు చూడకుండా ఫోనులో మందు పేరు చెప్పము. మందులు అమ్మము. రొయ్యలు పైకి తేలుతున్నాయన్న పేజీలో కూడా మందు పేరు లేదు. మేత ఆపండి, గాలి చక్రాలన్నీ తిప్పండి, మాకు ఫోను చేయండి, అంతే.

రెండు నెలలదాకా ఏమీ జరగలేదు. తర్వాత ఒక ఉదయం మనుబోలు నుంచి ఫోను వచ్చింది. "రొయ్యలు పైకి తేలతా ఉండాయని ఫోన్ని అడిగితే మీ పేరు చెప్పింది" అన్నాడు ఆ రైతు, ఫోనేదో తనకు తెలిసిన మనిషైనట్టు. సలోమి గారు ఆక్సిజన్ కొలిచే మీటరు సంచిలో వేసుకుని ఆ పూటే బయల్దేరారు. అతని పంట దక్కింది. ఆ వారంలో అతని ఊరి నుంచే ఆరు సీసాలు వచ్చాయి, ఆరూ శుభ్రంగా కడిగి మూతిదాకా నింపినవి. నేను ఫోను తీసి మైకు నొక్కి, స్టూలు మీద కూర్చుని రాసుకున్న ప్రశ్నలను ఒక్కొక్కటే అడిగాను. నాలుగింటికి మేమే మొదట ఉన్నాము. గట్టిగా కేక వేశాను. కింద ఎరువుల దుకాణం ఆయన ఏమైందోనని పైకి పరిగెత్తుకొచ్చాడు.

పంట తీసే రోజులకు బల్ల చాలలేదు. సీసాలు కిటికీ గట్టు ఎక్కాయి, తర్వాత మెట్ల మీదికి దిగాయి. ఒకరోజు మధ్యాహ్నానికే ముప్పై ఒక్క సీసాలు. వాటిలో ఒకదాన్ని తెచ్చినాయన గుమ్మం దగ్గరే తటపటాయించాడు. అతన్ని మేమిద్దరం గుర్తుపట్టాము. ఉచిత పరీక్షలు చేసే మందుల దుకాణాల్లో ఒకదాని యజమాని.

"నా సొంత చెరువు నీళ్లక్కా" అన్నాడు నేల చూస్తూ.

"మీ దుకాణంలో ఊరికే చేస్తారు గదన్నా?" అన్నాను నేను. నా నాలుక అక్కడ ఆగదు.

"అందుకే ఇక్కడికొచ్చినా. మీరు మందులమ్మరని, మీకు రానిది రాదని రాసుకున్నారు గదా. రాదని చెప్పినోళ్లు వచ్చిందని చెప్తే నమ్మొచ్చు."

సలోమి గారు ఒక్క మాటా దెప్పలేదు. సీసా తీసుకుని, చీటీ అంటించి, వరసలో ముప్పై రెండోదిగా పెట్టారు. అతను వెళ్లాక నా వైపు తిరిగి, "ఉద్యోగానికి పిలిచిన హేచరీ వాళ్లకు ఫోను చేసి రానని చెప్పేదా పాపా?" అన్నారు. చెప్పమన్నాను. నా ఎదురుగానే చేశారు. ఆ ల్యాబు ఇప్పుడు నాలుగు గదులు.

ఇప్పుడు నేను వలలు కుట్టేవాళ్లకు, పచ్చళ్లు పెట్టేవాళ్లకు, చిన్న చిన్న దుకాణాలకు వెబ్‌సైట్లు కడుతున్నాను. మొదటిసారి కలిసినప్పుడు అందరూ తమ గొప్పలతో మొదలుపెడతారు. నేను వాటిని ఓపికగా వింటాను, ఇది కూడా సలోమి గారి దగ్గర వచ్చిన గుణమే. విన్నాక మాత్రం ఒక్కటే అడుగుతాను: మీరు చేయలేనిది ఏమిటి? కొందరికి కోపం వస్తుంది, కొందరు లేచి వెళ్లిపోతారు. ఉండిపోయినవాళ్లు గొంతు కాస్త తగ్గించి, మొదటిసారి నిజం చెబుతారు. నేను రాయడం అక్కడి నుంచి మొదలుపెడతాను.