ఓబుళమ్మ నెయ్యి ఎర్రబడింది

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడు, 1957లో, నేను ప్రొద్దుటూరులో ఒక వేరుశనగ నూనె మిల్లులో కెమిస్టుగా చేరాను. మిల్లు వెనక రేకుల గదే నా ల్యాబు. మద్రాసులో చదువుకొచ్చానన్న గర్వం నిండా ఉంది, అనుభవం మాత్రం లేదు. ఊళ్ళోవాళ్ళు నన్ను నూనె డాక్టరు అనేవాళ్ళు. ఆ పిలుపుకు లోలోపల మురిసిపోయేవాణ్ణి.

ఒక ఉదయం బట్టల వ్యాపారి రంగయ్య శెట్టి చిన్న ముంతతో వచ్చాడు. పది రోజుల్లో ఆయన కూతురి పెళ్ళి. మగపెళ్ళివారిది పులివెందుల. నెయ్యి వాసన చూడనిదే ముద్ద కలపరట.

"ఓబుళమ్మ నెయ్యి సారూ ఇది. ముప్పై ఏండ్లుగా ఊరంతా ఆమె తావే తీసుకుంటాంది. అయినా ఈ కాలంలో ఎవుర్ని నమ్మేది? వనస్పతి గినా కలిపిందేమో సూడు."

నూనెకు హైడ్రోజన్ పట్టించి గడ్డకట్టిస్తే వనస్పతి అవుతుంది. చూపుకు అచ్చం నెయ్యే. ఆ మోసం పట్టుబడాలనే వనస్పతిలో కొంత నువ్వుల నూనె కలిపి తీరాలని ప్రభుత్వం నియమం పెట్టింది. ఎందుకంటే నువ్వుల నూనెలో హైడ్రోక్లోరిక్ ఆసిడ్, ఫర్‌ఫ్యూరల్ అనే ద్రవం పోసి కుదిపితే ఎర్రబడుతుంది. దీన్ని బౌడౌయిన్ టెస్టు అంటారు.

కుదిపాను. గొట్టం అడుగున ఆసిడ్ ఎర్రగా మెరిసింది.

"వనస్పతి కలిసింది" అన్నాను, తీర్పు చెప్పే జడ్జిలాగా.

మర్నాటికి ఓబుళమ్మ దగ్గర కొనేవాళ్ళు సగం మంది మానుకున్నారు. మధ్యాహ్నం ఆమె నా గుమ్మంలో నిలబడింది.

"నా నెయ్యిలో ఏందో కలిసిందని చెప్పింది నువ్వేనా?"

"నేను కాదవ్వా, టెస్టు చెప్పింది."

"ఆ టెస్టును ఈడికి పిలువు. నేనే అడుగుతా."

గొట్టం చూపించాను. ఆమె దాన్ని చూడను కూడా చూడలేదు. తెల్లవారి తన బర్రెను తోలుకొచ్చి ల్యాబు గుంజకు కట్టేసింది.

"ఈడనే పిండుతా, ఈడనే తోడేస్తా, చిలుకుతా, కాస్తా. నువ్వు కండ్లార్పకుండా సూడప్పా."

మేనేజరు నవ్వి సరేనన్నాడు. రెండు రోజులు ల్యాబు పశువుల కొట్టమైంది. నేను పరీక్షకు పెట్టుకున్న, నూనె తీశాక మిగిలే వేరుశనగ చెక్క శాంపిళ్ళలో రెంటిని బర్రె చీటీలతో సహా తినేసింది. ఆ చీటీల మీద ఏముందో నాకూ గుర్తులేదు.

మూడోనాడు నా గాజు బీకరులోనే వెన్న కాచింది. టెస్టు చేశాను. ఎరుపు జాడే లేదు. నా ముఖం మాత్రం ఎర్రబడింది.

"ఇంక సూడు" అంటూ ఆ వేడి నెయ్యిని ఇంటి నుంచి తెచ్చుకున్న, తను రోజూ నెయ్యి పోసే మట్టికుండలోకి వంచింది. కాసేపాగి అందులోంచి తీసి కుదిపాను. గొట్టం ఎర్రబడింది!

ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం.

"అవ్వా, ఈ కుండ కొత్తదా?"

"పోయిన వారమే తెచ్చినా. నూనె పట్టించకపోతే నెయ్యంతా తాగేస్తాది గదా!"

"ఏ నూనె?"

"నువ్వుల నూనె. ఇంకేముంటాది?"

అప్పుడు, మొదటి రోజే చేయాల్సిన పని చేశాను. వెన్నలో బ్యుటిరిక్ ఆసిడ్ లాంటి చిన్న కొవ్వు ఆమ్లాలుంటాయి. అవి వేడికి ఆవిరై లేస్తాయి. వనస్పతిలో అవి ఉండవు. ఆ ఆవిరిని చల్లార్చి కొలిస్తే వచ్చేదే రైకర్ట్ విలువ. పొద్దంతా పట్టే పని కాబట్టి ఆ రోజు బద్ధకించాను. శెట్టి ముంతలో మిగిలిన నెయ్యితో చేస్తే విలువ సరిగ్గా వచ్చింది. నిఖార్సయిన నెయ్యి.

"నీ నెయ్యి మంచిదే అవ్వా."

"నాకు తెలీదా? బజారుకొచ్చి చెప్పు."

ముందు ఓబుళమ్మ, వెనక బర్రె, మధ్యలో నేను. శెట్టి అంగట్లో చీరలు బేరం చేస్తున్నవాళ్ళంతా ఇటు తిరిగారు. నేను గొంతు సవరించుకొని కొవ్వు ఆమ్లాల గురించి మొదలుపెట్టాను.

"ఆ సదువంతా వద్దు నాయనా" అంది ఓబుళమ్మ. "తప్పు ఎవురిదో చెప్పు."

"నాదే" అన్నాను.

శెట్టి అక్కడికక్కడే పెళ్ళికి నెయ్యి ఆమెకే చెప్పాడు. తిరిగి వెళ్తూ ఆమె నా పక్కన ఆగింది. గొంతులో కోపం లేదు.

"నీ మందు నువ్వుల నూనెను సూసింది. అది సరిగ్గానే సూసింది. దొంగను సూసింది నువ్వు."

తర్వాత ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో వేల రిపోర్టులు రాశాను. గొట్టంలో కనబడిందే రాశాను, కనబడనిది ఒక్క ముక్కా రాయలేదు.