సున్నాకి దిగువన ఏమవుతుందో

మా వదిన ఇక లేదన్న కబురు అందినప్పుడు నేను ప్రార్థన కూటంలో వాక్యం చెప్పడానికి బస్సులో వెళుతున్నాను. ఫోను చేసింది వదిన దగ్గర పని నేర్చుకుంటున్న అమ్మాయి. ఏడుస్తూనే, "అంకుల్, మేడమ్ పెట్టిన టెస్టు సగంలో ఉంది. బోర్డులు ఆపేయనా?" అని అడిగింది. ఆపొద్దన్నాను.

ఆ పని ఏమిటో నాకు తెలిసినంతలో చెబుతాను. గుంటూరు చుట్టుపక్కల మిర్చి కోల్డ్ స్టోరేజీల్లో చలిని అదుపు చేసే చిన్న బోర్డులుంటాయి. ఒక్కో బోర్డులో ఒక్కో జాతి చిప్. ఒకదానికి రాసిన ఆజ్ఞలు ఇంకోదానికి అర్థం కావు. గది వేడెక్కితే చల్లబరిచే మిషను వేయాలి, చల్లబడితే ఆపాలి అని ఒక్కసారి రాసిస్తే, ఏ చిప్‌కి కావలసిన ఆజ్ఞలు దానికి తయారుచేసి ఇచ్చే సాఫ్ట్‌వేర్ రాసింది వదిన. కాలేజీలో పాఠాలు చెప్పడం మానేశాక, ఇంట్లో ముందు గదిలో కూర్చుని.

బాబెలు దగ్గర దేవుడు తారుమారు చేసిన భాషల్ని నువ్వు సరిచేస్తున్నావా అని ఎగతాళి చేశానోసారి. వదిన తల ఎత్తకుండానే జవాబిచ్చింది.

"పెంతెకొస్తు అనుకోవయ్యా, ఎవరి భాషలో వాళ్లకి వినబడిన రోజు. కాకపోతే అక్కడ పలికింది ఆత్మ, తప్పు రాలేదు. ఇక్కడ పలికేది నేను. అందుకే నాకు భయం."

ఆ భయం ఆమెను ఎప్పుడూ వదల్లేదు. కొత్త చిప్‌కి ఆజ్ఞలు తయారైతే చాలదు. పాత బోర్డు, కొత్త బోర్డు పక్కపక్కన పెట్టి, చలిని కొలిచే రెండింటి సెన్సర్లూ ఒకే స్టీలు గిన్నెలో ముంచేది. చేపలమ్మే ఆమె దగ్గర ఐసు తెప్పించి ఉప్పు కలిపేది, సున్నాకి దిగువకు పోవాలని. నేను ఉప్పు మీద వాక్యం ఎత్తుకోబోతే, "ప్రసంగం తర్వాత, ముందు గిన్నె కదలకుండా పట్టుకో" అనేది.

ఈ ఏడు పాత చిప్ దొరకడం మానేసింది. వేరే జాతి చిప్‌తో కొత్త బోర్డులు వచ్చాయి. గిన్నెలో సున్నా దాకా రెండూ ఒకే మాట చెప్పాయి. దిగువకు వెళ్లగానే పాతది మైనస్ ఒకటి అంది, కొత్తది రెండు వందల యాభై అయిదు అంది. లోపల ఉన్న గుర్తు ఒకటే, చదివే తీరు వేరు. గదికి చలి తెచ్చే గొట్టం సున్నాకి దిగువకు పోగానే కొత్త బోర్డు దాన్ని మంట అనుకుని, ప్రమాదమని మిషను ఆపేస్తుంది. గది వేడెక్కుతుంది, కాయ రంగు పోతుంది, బూజు పడుతుంది. ఆ బస్తాల్లో మా సంఘం రైతులవీ ఉన్నాయి, ధర కోసం ఆగినవి.

వదిన సాఫ్ట్‌వేర్‌ని దిద్దింది. కానీ ఒక జాతి కోసం దిద్దితే, నిన్నటిదాకా బాగున్న మిగతావి చెడవని ఎవరు చెప్పగలరు? అన్నిటినీ మళ్లీ గిన్నెలో ముంచడం మొదలుపెట్టింది. ఆ పని నడుస్తుండగానే గుండె ఆగింది.

ప్రియులారా, విశ్వాసం ఉన్నవాడికి భయమెందుకని గొంతు చించుకుని బోధించినవాణ్ణి నేను. అన్నిటినీ పరీక్షించి మంచిదాన్ని పట్టుకోమని అపొస్తలుడు రాశాడు కదా, ఆ మాటను చేతులతో చేసి చూపింది వదిన. సమాధి దగ్గర ఇదే చెప్పాను.

మిగిలిన పరీక్షలు ఆ అమ్మాయి ముగించింది. కోల్డ్ స్టోరేజీ మేనేజరు తొందరపెడుతున్నాడు, పాత బోర్డు ఏ క్షణాన పోతుందోనని.

"నీకు నమ్మకముందా అమ్మా?" అన్నాను.

"మేడమ్ ఉంటే ఇంకోసారి చూద్దామనేది అంకుల్."

"అయితే చూడు."

చూసింది. మర్నాడు కొత్త బోర్డు బిగించారు. నేనూ వెళ్లాను. కప్పుదాకా పేర్చిన బస్తాల మధ్య మిర్చి ఘాటుకు అందరం దగ్గుతూ బయటికొచ్చేశాం. ఆ అమ్మాయి మాత్రం చున్నీ ముక్కుకి చుట్టుకుని చలి గొట్టం దగ్గరే నిలబడింది. గొట్టం మీద మొదట చెమ్మ పట్టింది. తర్వాత అంచున సన్నగా తెల్లబడింది. మిషను మోగుతూనే ఉంది. ఆ పిల్ల కదల్లేదు, మంచు గొట్టం పొడవునా పాకుతుంటే రెప్ప వేయకుండా చూస్తూ ఉంది.