వాపసు పంపిన మనిషి కోసం ఇచ్చోడకు

ఇచ్చోడ నుంచి మా ఆసుపత్రికి ఒక కార్డు వచ్చింది. "మీరు వాపసు పంపిన పిల్ల ఇంక బతికే ఉన్నది. చూడాల్నంటే రాండ్రి" అని రెండే ముక్కలు. కింద గంగవ్వ అని పేరు. కరీంనగర్‌లో మాది తాగుడు మాన్పించే చిన్న ఆసుపత్రి. రోగులను చేర్చుకునే బల్ల దగ్గర కూర్చునేది నేనే. ఎంత తల బద్దలు కొట్టుకున్నా ఎవరిని పంపేశానో గుర్తు రాలేదు. తెలుసుకునేదాకా నాకు నిద్ర పట్టదు. డాక్టరుగారు చేర్పు కాగితాలు చేతికిచ్చి వెళ్లి రమ్మన్నారు.

పొద్దున ఆరింటికి బస్సు. జగిత్యాలలో చాయ్, ఆర్మూరులో ఇడ్లీ. పదకొండున్నరకు నిర్మల్‌లో బస్సు మారాను. మీరు వెళ్తే కిటికీ పక్కనే కూర్చోండి, కొండ ఎక్కే ఘాటు రోడ్డు పొడుగునా టేకు అడవి. పక్కాయనకు ఇచ్చోడలో బట్టల దుకాణమట. గంగవ్వ ఎవరని అడిగాను.

"హిజ్రాల గురువామె. దుకాణం తెరిస్తే దీవెనకు పిలుస్తం. హోటల్ల మాత్రం కూసోనియ్యరు" అన్నాడు.

"మీరు కూర్చోనిస్తారా?" అన్నాను. ఆయన టికెట్టు కోసం జేబులు వెతుక్కున్నాడు.

ఒంటిగంటకు దిగాను. ఇల్లు అడుగుతూ వెళ్తే, అరుగు మీద బియ్యం ఏరుతున్న పెద్దామే గంగవ్వ. ఆసుపత్రి నుంచి వచ్చానంటే నన్ను ఎగాదిగా చూసి, జొన్నరొట్టె, శనగపిండి పిట్ల ముందు పెట్టింది. "మొదలు తిను సారూ. తిట్టుడు తర్వాత."

తింటుండగా కార్డులో రాసిన పిల్ల, గంగవ్వ దగ్గరే ఉండే హిజ్రా లక్ష్మి, లోపలినుంచి వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయి. చేతిలో గ్లాసు గడగడ వణుకుతోంది. అప్పుడు గుర్తొచ్చింది! పోయిన వానాకాలం ఈమే వచ్చింది. మా దగ్గర ఒక నియమం ఉంది. వణుకు మొదలైతే పక్కన కూర్చోవడానికి ఇంటివాళ్లు వెంట రావాలి. నేను తల కూడా ఎత్తకుండా, "పెళ్లాన్నో తల్లినో తీసుకురా. మగవాళ్ల వార్డు అటు" అన్నాను.

"మా అవ్వ ఎల్లగొట్టి పన్నెండేండ్లాయె. పెండ్లాన్ని యాడికెల్లి తేవాలె సారూ?" అంది లక్ష్మి.

ఇక్కడి కల్లులో మత్తుమందు కలుపుతారు. తాగినా కష్టమే, ఉన్నట్టుండి మానినా కష్టమే. "ఇంట్ల రెండుసార్లు మాన్పిచ్చిన. రెండుసార్లూ ఫిట్సు వచ్చినయి. మల్లొస్తే నా చేతులల్లనే పోతది" అంటూ గంగవ్వ కళ్లు తుడుచుకుంది. "నేను రానా ఎంబడి? దీన్ని సాదుతున్న అవ్వను నేనే. గా మాట నువ్వడగనే లేదు."

సిగ్గుతో చచ్చిపోయాను. సంచిలోంచి చేర్పు కాగితాలు తీసి, ఇద్దరినీ బయలుదేరమన్నాను.

మూడింటి బస్సుకు ముగ్గురం బయలుదేరాం. ఘాటు దిగేటప్పుడు లక్ష్మికి వణుకు ఎక్కువైంది. గంగవ్వ ఆమెను ఒళ్లోకి లాక్కుంది. మగవాళ్ల వార్డా, ఆడవాళ్ల వార్డా, ఎక్కడుంటావని అడిగాను.

లక్ష్మి గంగవ్వ ఒళ్లోంచి తల ఎత్తింది. "గిట్ల నన్నెవ్వలు అడగలే సారూ. ఆడోళ్ల దిక్కే. తలుపుకు గొళ్లెం ఉంటే సాలు."

డాక్టరుగారిని నేనే ఒప్పిస్తానన్నాను. ఇచ్చోడకు ఏడు గంటల ప్రయాణమే. నా బల్ల దాటడానికే ఆమెకు ఏడాది పట్టింది.

ఆర్మూరులో బస్సు ఆగగానే మోకాలి మీద కాగితం పెట్టుకుని నింపాను. ఏం రాశానో చదవమంది లక్ష్మి.

"పేరు లక్ష్మి. వెంట వచ్చినవారు గంగవ్వ, తల్లి."

"మల్లొకసారి సదువు సారూ" అంది.