రేకు విప్పిన ప్లేటు

ఎవరు బాగున్నా మా వదిన కళ్ళల్లో నిప్పులు పోసుకుంటుంది. పక్కింటావిడ కొత్త పరదాలు కడితే ఆ పూట మా కూరలో ఉప్పుండదు. మిగతా అన్నిట్లో మనిషి బంగారం.

ఆమె పని మందుల ల్యాబ్‌లో. ప్లేట్లలో కణితి కణాలు పెంచి, వాటి మీద కొత్త మందు పోసి చూస్తారు. వెలుతురు తగిలితేనే విషమయ్యే మందు అది. దీపం చూపిస్తే కణితి చావాలి, చీకట్లో మాత్రం హాని చేయకూడదు. అందుకని ఒక ప్లేటుని దీపం కింద పెడతారు, ఇంకోదాన్ని అల్యూమినియం రేకులో చుట్టి దాస్తారు. రేకులోవి బతికి తీరాలి.

వదిన రేకు ప్లేట్లు వరసగా చచ్చాయి. కొత్తగా చేరిన పిల్లవి నిక్షేపంలా ఉన్నాయి. ల్యాబ్ నడిపే మేడం కణాల గదికి ఇన్‌ఛార్జిగా పెట్టేది ఇద్దరిలో ఒకరినే.

"నిన్నగాక మొన్నొచ్చింది. మేడం దాన్ని నెత్తినెక్కించుకుంది!" అని వదిన ఇంట్లో మా ప్రాణాలు తీసేది. చివరికి, ఆ పిల్లే తన రేకులు విప్పి లైటు వేస్తోందని మేడంకి చాడీ చెప్పింది.

"నిజమని తేలితే పనిలోంచి తీసేస్తాను," అంది మేడం.

అంతలో వదినకి జ్వరమొచ్చింది. తగ్గాక వెళ్ళి చూస్తే, తను చుట్టిపెట్టి వచ్చిన రేకు ప్లేటులో కణాలు కళకళలాడుతున్నాయి. తన ప్లేటు కూడా ఆ పిల్ల చేతిలోనే బతకాలా అని కడుపు రగిలిపోయింది.

"ఏం చేశావే వీటికి?"

"ముట్టుకోనే లేదక్కా. మీరు పూటపూటా విప్పి మైక్రోస్కోపులో చూసుకుంటారుగా. నాకు ధైర్యం చాల్లేదు."

మైక్రోస్కోపుకి దీపముంటుంది. ఇవాళైనా దానివాటికంటే బాగున్నాయా, ఒక్క క్షణం చూద్దామని వదిన రోజూ విప్పేది. లైటు వేసింది ఆ పిల్ల కాదు.

వదిన నేరుగా మేడం దగ్గరికెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పేసింది. గది తాళాలు ఆ పిల్లకే ఇచ్చారు.

"ఒళ్ళు మండట్లేదా వదినా?" అనడిగాను.

"మండకేం, భగ్గుమంటోంది. తాళాలు ఆడించుకుంటూ ఎలా తిరుగుతోందో చూడాలి!" కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "రేపు నా ప్లేటు ఎలా ఉందో చూడాలని ఇప్పట్నించే ప్రాణం కొట్టుకుంటోంది. చచ్చినా విప్పను."