టాపు దించిన రిక్షా

మా మేనత్త పోయింది. కామారెడ్డిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, పొద్దున టీ వేళకు. ఆ కబురు చెప్పడానికి ఆమె కొడుకు, అంటే మా బావ, ఫోన్ చేసి అన్న మొదటి మాట, “అమ్మ శాంతంగ పోయిందే.” నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. మా అత్తమ్మ బతికినన్నాళ్ళు ఒక్క పనీ శాంతంగా చేయలేదు. పాలు విరిగితే పాలవాడితో, బస్సు ఆలస్యమైతే కండక్టరుతో, వాన పడకపోతే దేవుడితో తగువు పెట్టుకుంది. అలాంటి మనిషి చావు దగ్గర మాత్రం శాంతంగా ఎట్లా పోతుంది?

మరునాటికి ఎల్లారెడ్డి చౌరస్తాలో కట్టిన ఫ్లెక్సీ మీద కూడా అదే మాట. శాంతమూర్తి అట. చుట్టూ దండాలు పెడుతున్న నాయకుల ఫోటోలు, మధ్యలో బిక్కుబిక్కుమంటూ ఆమె. పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. మంచే చెబుతాను. మా అత్తమ్మ కోపిష్టి. “కోపం లేని మనిషి ఉప్పు లేని పప్పు” అని ఆమే అనేది. ఆ ఉప్పు తిన్నదాన్ని కాబట్టి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

నేనుండేది కామారెడ్డిలో, పాత బజారుకు స్టేషన్ వైపు చివర. అత్తమ్మది ఎల్లారెడ్డి. పండుగకో పబ్బానికో కాదు, మనసుకు తోచినప్పుడల్లా బస్సెక్కి వచ్చేది. బస్టాండులో దిగగానే ఆటోవాళ్ళు చుట్టుముట్టేవారు. ఈగల్ని తోలినట్టు తోలేసేది. “ఆటోల కూసుంటే ముంగటోని వీపు తప్ప ఏం గనవడతదే? నేను వీపులు సూడనీకి అచ్చిన్నా?” అనేది. ఆమెకు సైకిల్ రిక్షాయే కావాలి. అదీ టాపు వెనక్కి దించిన రిక్షా. మండుటెండైనా సరే, చినుకులు పడుతున్నా సరే, నెత్తి మీద ఏదీ అడ్డం ఉండకూడదు.

ఆ పట్టుదల ఎక్కడిదో తెలియాలంటే ఆమె పెండ్లి నాటికి పోవాలి. పెండ్లి దోమకొండలో అయింది. పెండ్లివాళ్ళంతా బస్సులో కామారెడ్డి వచ్చి, పాత బజారు చివర చుట్టాల ఇంట్లో ఆగారు. అక్కడ ఆమెకు ఒడిబియ్యం పోశారు. ఎల్లారెడ్డి బస్సు అందుకోవాలంటే బజారంతా దాటాలి. భూములున్న ఇండ్ల ఆడవాళ్ళు బజారులో కనబడకూడదని ఆ రోజుల్లో ఒక పద్ధతి. రిక్షా టాపు ముందుకు లాగి, దాని మీది నుంచి కాళ్ళ దాకా దుప్పటి వేలాడదీసి, రెండు పక్కలా తాడుతో బిగించేవారు. దాన్నే పరదా అనేవారు. లోపల కొత్తకోడలు, ముందు ఇంకో రిక్షాలో దర్జాగా మొగుడు. సంతకు తోలుకుపోయే మేకకైనా అంతకంటే గాలి ఆడేది.

“బజారంత ఇనిపిచ్చిండ్రు గని సూపియ్యలే బిడ్డా” అని ఎన్నిసార్లు చెప్పిందో. “జిలేబి వాసన అచ్చింది, యాడ గోలిస్తుండ్రో తెల్వది. గాజులు గల్లుగల్లుమన్నయి, ఏం రంగో తెల్వది. ఒక్కకాడ తీగ మీద టంగుటంగుమని సప్పుడు. కొత్త పెండ్లిపిల్ల అస్తున్నదని ఎవరో వాయిస్తుండ్రనుకున్న. పరదెనుక కూసోని సిగ్గుపడ్డ గూడ.”

ఆ తర్వాత చాలా ఏండ్లకు గానీ ఆమె ఆ బజారును కండ్లతో చూడలేదు. దుప్పట్లు కట్టే రోజులు పోయాయి గానీ టాపు మాత్రం దిగలేదు. అది దిగిన రోజు నేను పక్కనే ఉన్నాను. అప్పుడు కామారెడ్డిలో కాలేజీలో చదువుతున్నాను. ఎవరిదో పెండ్లికి బట్టలు కొనడానికి మామ, అత్తమ్మ వచ్చారు. మామ ముందు రిక్షాలో, నేనూ అత్తమ్మా వెనుక రిక్షాలో. బజారు మొదట్లోకి రాగానే ఆమె రిక్షాయన వీపు మీద వేలితో పొడిచింది.

“తమ్మీ, టాపు దించు.”

ఆయన ముందు రిక్షా వైపు చూశాడు. “పటేల్ జూస్తే నన్ను సంపుతడు దొరసానీ.”

“దొరసాని అనకు, అక్క అను. సంపుతే నన్ను సంపుతడు గని నిన్నెందుకు సంపుతడు? దించు.”

ఆయన దించాడు. అత్తమ్మ కొంగు సర్దుకుని నిటారుగా కూర్చుంది. బట్టల దుకాణం ముందు మామ వెనక్కి తిరిగి చూశాడు. ఆమె అతన్ని చూడనే లేదు, గాజుల దుకాణం వైపు చూస్తోంది. ఆ తర్వాత మామ చాలా రోజులు ఆమెతో మాట్లాడలేదట. నేను బాధగా అడిగితే, “మాట్లాడకుంటే మాట్లాడకపాయె, చెవులు నిమ్మలంగున్నయి” అంది.

అప్పటి నుంచి ఆ రిక్షాయనే ఆమెకు సారథి. ఆమె కంటే కొంచెం చిన్న, నోరు మాత్రం సమానం. ఇద్దరూ కలిస్తే బజారు సగం వీళ్ళ మాటలే వినేది. పసుపు కుంకుమల రాశుల ముందు ఆపమనేది. ఎడ్ల మెడగంటలు, రంగురంగుల పలుపులు వేలాడే దుకాణం ముందు ఆపమనేది. బీడీ ఆకు కట్టలు దించేచోట ఆ ఘాటు పీల్చి తుమ్మేది. అత్తరు సీసాలవాడు దూదిపుల్ల చేతికి రాస్తే దాన్ని ఇల్లు చేరేదాకా వాసన చూసేది. ఎదురుగా తోపుడుబండి, వెనుక మోటారుసైకిలు, అడ్డంగా ఒక ఆబోతు, అందరూ ఒకేసారి హారన్లు, తిట్లు. ఆమె మాత్రం నడిమధ్యన తేరు మీద దేవతలా కదలకుండా కూర్చునేది. “దిగి కొనరాదక్కా, సూసుడేంది ఊకె” అని రిక్షాయన విసుక్కుంటే, “కొనేటోళ్ళు కొంటరు. నాది సూసే పని, నడువు” అనేది.

ఒకరోజు పక్కసందులోంచి టంగుటంగుమని ఆ చప్పుడు వినబడింది. ఆమె రిక్షాయన అంగీ పట్టుకుని గుంజి ఆపించింది. సందులో ఒక ముసలాయన పరుపుల కోసం విల్లుతో దూది ఏకుతున్నాడు. ఒంటి నిండా దూదిపింజలు. అత్తమ్మ కాసేపు నోరు తెరుచుకుని చూసి, “నీ దూదిల మన్నువడ! గిన్నేండ్లు నిన్నా నేను నా పెండ్లికి వాయించినవనుకున్నది?” అని అరిచింది. పాపం ఆ ముసలాయనకు ఏమీ అర్థం కాలేదు. అమ్మగారికి పరుపు కావాలేమోనని ఇంకొంచెం గట్టిగా మీటి చూపించాడు. రిక్షాలో కూర్చుని ఆమె నవ్విన నవ్వు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. నవ్వి నవ్వి కండ్లు తుడుచుకుని, “సూడనిస్తే గప్పుడే నవ్వుకుందును గద” అంది. ఆ మాట అన్నప్పుడు గొంతులో నవ్వు లేదు.

బజారు దాటాక స్టేషన్ వైపు ఒక ఎక్కుడు, అంటే ఎత్తు దారి, ఉంటుంది. అక్కడ రిక్షాయన తొక్కడం ఆపి, కాలు నేలకు ఆనించి, ఏమీ అనకుండా వెనక్కి చూసేవాడు. అత్తమ్మ “అచ్చిందా నీ ఎక్కుడు” అని సణుగుతూ దిగి, రిక్షా వెనుక చెయ్యి వేసి తోస్తూ నడిచేది. కూర్చోమని ఆయన ఒక్కనాడూ అనలేదు, దిగుతానని ఆమె ఒక్కనాడూ అనలేదు. అది వాళ్ళిద్దరి మధ్య ఉన్న ఒప్పందం. మోకాళ్ళు అరిగిపోయాక కూడా దిగేది. పైకి చేరాక, “నువ్వు తొక్కుడు కాదు, నేనే నిన్ను మోస్తున్న” అని దెప్పేది.

ఆ ఎక్కుడు దగ్గరే ఒకసారి ఆమె అసలు మాట అంది. ఆరోజు బావ కూడా ఉన్నాడు, సంచులు పట్టుకుని పక్కన నడుస్తున్నాడు. “ఒరే, ఇను. నేను సచ్చినంక సుత నన్ను గీ బజార్లకెళ్ళే తీస్కపోండ్రి. పరదాలు గిరదాలు కట్టకుండ్రి. అచ్చేటప్పుడు ఎట్లనో కట్టుకోని అచ్చిన. పోయేటప్పుడన్న మంచిగ పోనియ్యిండ్రి.” బావ నవ్వి, “గట్లనే తియ్యవే, బ్యాండు గూడ పెట్టిస్త” అన్నాడు. ఆసుపత్రిలో చేరాక మళ్ళీ చెప్పింది. అప్పుడు ఎవరూ నవ్వలేదు. బావ తల ఊపాడు. నేను చూశాను.

ఇక ఆమె పోయిన రోజు సంగతి. ఆసుపత్రి వెనుక వాకిట్లో వ్యాను సిద్ధంగా ఉంది. అద్దాలకు నీలం పరదాలు. బజారు గుండా పోదామన్నాను. రెండు సందులు మళ్ళితే చాలు, పెద్ద దూరమేమీ కాదు. బావ గడియారం చూసుకున్నాడు. “బజార్ల ఇరుక్కుంటే ఎప్పుడు పోతమే? ఇంటికాడ పెద్దమనుషులు ఎదురుసూస్తుండ్రు. మంత్రి మనిషి గూడ అస్తున్నడట.”

“అత్తమ్మ చెప్పింది గద బావా.”

“అమ్మ మస్తు చెప్తది. గిప్పుడు ఆమెకు ఏమన్న గనవడతదా?”

వ్యాను బైపాస్ ఎక్కింది. నేను ఆమె పక్కన కూర్చుని పరదా పక్కకు లాగితే, డ్రైవరు అద్దంలో చూసి, “వద్దమ్మా, దారింట పోయేటోళ్ళు జూస్తరు” అన్నాడు. చూస్తారట! చచ్చినాక కూడా ఆమెను ఎవరూ చూడకూడదట. లాగిన పరదా వదలలేదు నేను. కానీ ఏం లాభం? బయట టైర్ల దుకాణాలు, దాబాలు, దుమ్ము. వచ్చేటప్పుడు దుప్పటి, పోయేటప్పుడు నీలం గుడ్డ. మధ్యలో ఆమె గెలుచుకున్నదంతా ఒక గడియారం తినేసింది. ఆ సాయంత్రమే దహనం అయిపోయింది, ఆ మంత్రి మనిషి చివరికి రానేలేదు.

మరునాడు నేను కామారెడ్డికి తిరిగి వస్తే బజారు మొగదల రిక్షాయన ఎదురయ్యాడు. ఇప్పుడు మనుషులెవరూ ఎక్కరు, పరుపులూ బియ్యం బస్తాలూ మోస్తున్నాడు. “అక్క పోయిందని దవాఖాన కాడ ఎవరో చెప్పిండ్రమ్మా. గీ బజార్లకెళ్ళే అస్తదని పొద్దుందాక నిలవడ్డ. రాకపాయె” అన్నాడు. ఆయన చేతిలో వాడిపోయిన బంతిపూల దండ ఉంది. నిన్నటిది. ఎక్కడ పారేయాలో తెలియక ఇంకా పట్టుకుని తిరుగుతున్నాడు.

మూడోనాడు ఎల్లారెడ్డిలో, వరి పొలాల అంచున, పిట్టకు పెట్టారు. పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ విస్తరిలో పెట్టి దూరంగా నిలబడతారు. కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయిందని అర్థం. అప్పుడు దాన్ని తీరుస్తామని ఒక్కొక్కరూ పైకి మాట ఇవ్వాలి. తుమ్మచెట్టు మీద కాకి కూర్చుంది. విస్తరి వైపు చూస్తుంది, మెడ తిప్పుకుంటుంది. ఎండ ముదిరింది. బంధువులు గుసగుసలు మొదలుపెట్టారు.

“మనుమరాలి పెండ్లి ఘనంగ చేస్తమే అవ్వా” అన్నారొకరు. కాకి దిగలేదు. “మంచిగ సమాధి కట్టిస్తమే” అన్నాడు బావ. దిగలేదు. “జిలేబి మరిచిండ్రా ఏంది?” అని ఇంకొకరు. ఇక నా వల్ల కాలేదు.

“ఏం కోరికనో నీకు ఎరుకలేదా బావా? పరదా కట్టొద్దన్నది. బజార్లకెళ్ళి తీస్కపొమ్మన్నది. నీ ముంగటనే అన్నది! మూట గట్టినట్టు గట్టి బైపాస్ మీదికెళ్ళి గుంజుకొచ్చినవ్. గిప్పుడు కాకిని అడుగుతున్నవా?”

నా అరుపుకు ఆ ఉన్న కాకి కూడా ఎగిరిపోయింది. అందరూ నన్ను తిట్టారు. బావ మాత్రం తిట్టలేదు. ముఖం మాడిపోయింది. పిట్ట ముట్టలేదన్న మాట ఊరంతా పాకుతుందని ఆయన భయం. కాసేపటికి గొంతు తగ్గించి, “గిప్పుడు ఏం జెయ్యాల్నే?” అన్నాడు. తల్లి బతికుండి అడిగితే వినలేదు, కాకి అడిగితే విన్నాడు. అందుకే నా కోపం ఇప్పటికీ తగ్గలేదు. తగ్గించుకునే ఉద్దేశం కూడా లేదు.

అస్థికలు బాసరకు కారులో తీసుకుపోవాలని వాళ్ళు అనుకున్నారు. కాదన్నాను. కామారెడ్డి దాకా కారు, అక్కడ బస్టాండు నుంచి స్టేషన్ దాకా బజారు గుండా రిక్షా, ఆపైన రైలు. ఈసారి ఎవరూ గడియారం చూసుకోలేదు.

రిక్షాయన సీటు కడిగి తెచ్చాడు. కుండ ఒడిలో పెట్టుకుని నేను కూర్చున్నాను. బావ వెనుక నడుస్తూ, “ఎండ కొడుతున్నది, టాపు ఎయ్యరాదు” అన్నాడు. నేనూ రిక్షాయనా ఒకేసారి “వద్దు” అన్నాం. బజారు ఎప్పటిలాగే ఉంది. హారన్లు, తిట్లు, జిలేబి పొగ, గాజుల మీద ఎండ, దారికడ్డంగా ఒక ఆవు. ఎవరూ ఆగి దండం పెట్టలేదు, ఎవరికీ తెలియదు కూడా. మంచిదే. ఆమెకు కావలసింది బజారు ఆమెను చూడడం కాదు. పలుపుల దుకాణం ముందు, అత్తరు దుకాణం ముందు, దూది సందు మొగదల, చెప్పకుండానే రిక్షాయన కొంచెం కొంచెం ఆగుతూ పోయాడు.

ఎక్కుడు వచ్చింది. ఆయన తొక్కడం ఆపి, కాలు నేలకు ఆనించి, ఏమీ అనకుండా వెనక్కి చూశాడు. చూస్తూ అట్లాగే ఉండిపోయాడు.

“ఏమైంది, ఆగిండేంది?” అన్నాడు బావ.

నేను కుండ పట్టుకుని దిగాను. “అచ్చిందా నీ ఎక్కుడు” అన్నాను. ఆయన ముఖం తిప్పుకుని హ్యాండిలు పట్టుకున్నాడు. ఎవరూ చెప్పకుండానే బావ వచ్చి రిక్షా వెనుక, సరిగ్గా ఆమె చెయ్యి వేసే చోట, చెయ్యి వేశాడు. ఖాళీ సీటు ఎండలో మెల్లగా పైకి పోతోంది. దాని వెనుకే కుండతో నేను నడిచాను.