ఆర్కాదీ దొర బదులు బేరం

ఆర్కాదీ దొర ఎవరికీ ఏదీ ఊరికే ఇవ్వడు. అలాగని డబ్బూ అడగడు. బదులుగా ఏదో ఒకటి పుచ్చుకోవాలి, అంతే. తర్వాతి కాలంలో ఆయన రష్యాలో కోట్లకు పడగలెత్తాడు, ఎన్నికల్లో గెలిచి చట్టసభలో కూర్చున్నాడు. కువైట్‌లో, అబూ హలీఫాలో ఒక భవనం మూడో అంతస్తులో ఉన్న రోజుల్లో మాత్రం చమురుబావులకు గొట్టాలు అమ్ముకునే గడ్డం మనిషి.

ఒకరోజు కింది వాటా చిన్నపుల్లయ్య సుత్తి అడగబోయాడు.

"బదులేమిస్తావు?" అన్నాడు దొర అరబ్బీలో. ఆ భవనంలో అందరికీ అంతో ఇంతో వచ్చిన భాష అదొక్కటే.

"నా దగ్గరేముండాది దొరా, మీసం తప్ప."

"అయితే దాన్నే మెలేసి చూపించు."

చిన్నపుల్లయ్య మెలేశాడు. దొర అటు నుంచీ ఇటు నుంచీ చూసి, సరుకు నాణ్యమైనదేనని ఒప్పుకుని సుత్తి ఇచ్చాడు.

అదే భవనంలో ఉంటూ అక్కడి ఇళ్లలో వంట చేసే రాజంపేట సుబ్బరత్నమ్మకు ఇది మింగుడుపడేది కాదు. నిచ్చెన ఎరువిచ్చి రెండు పచ్చిమిరపకాయలు పుచ్చుకున్న మనిషిని ఆమె అంతకు ముందు చూడలేదు.

"ఇంత ఉన్నోడివి, మిరక్కాయలకు బేరమేంది సామీ? పెండ్లాం ఉండాదా? ఆయమ్మతో కూడా ఇంతేనా?"

"ప్రశ్నకు ఒక దోసె" అన్నాడు దొర.

ఎండాకాలం ముగిసేలోగా సుబ్బరత్నమ్మ నలభై దోసెలు పోసింది. ఆయన చెప్పుల కొలత కూడా తెలుసుకుంది.

1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం దిగింది. అంగళ్లు మూతపడ్డాయి. పుల్లంపేట నుంచి వచ్చి రెండు నెలలు కాని మునిలక్ష్మిని ఇంట్లోనే వదిలేసి, ఆమె పనిచేసే ఇంటి మామా, బాబా, అంటే యజమానురాలూ యజమానీ, కారెక్కి సౌదీకి పోయారు. పాస్‌పోర్టు వాళ్ల బీరువాలో ఉండిపోయింది. కట్టుబట్టలతో సుబ్బరత్నమ్మ గదికి చేరిన ఆ పిల్ల మూడు వారాలుగా పెదవి విప్పలేదు. పాస్‌పోర్టుకు బదులు ఎంబసీలో తెల్ల కాగితం ఒకటి రాయించుకొచ్చారు గానీ, దాన్ని పట్టుకుని పోయేదెట్లా?

దొర తన గొట్టాలన్నీ ఎవరికో ఇచ్చేసి, బదులుగా ఒక పాత బస్సు పుచ్చుకున్నాడు. జోర్డాన్ దాకా చేరితే విమానాలున్నాయట. ఇంకో బస్సు దొరుకుతుందన్న ఆశ ఎవరికీ లేదు.

పొద్దున్నే అందరూ ఎక్కారు. సీటుకు బదులుగా ఒకరు దువ్వెన ఇచ్చారు, ఒకరు జోలపాట పాడారు. మునిలక్ష్మి మాత్రం మెట్ల దగ్గరే నిలబడిపోయింది.

"ఏమే, ఎక్కవే" అంది సుబ్బరత్నమ్మ.

ఆ పిల్ల ఖాళీ చేతులు చూపించి తల దించుకుంది.

సుబ్బరత్నమ్మ చెవికమ్మ తీయబోయింది. "ఇది దానికి బదులు పెట్టుకో దొరా."

"కుదరదు. ఎవరి బేరం వాళ్లదే."

"దాని కాడ ఏముండాదని ఇస్తాది?"

"కోపం ఉంది కదా. మూడు వారాలుగా దాచుకుంది. తిట్టమను, మీ ఊళ్లో తిట్టినట్టు."

సుబ్బరత్నమ్మ ఆ మాట తెలుగులో చెప్పింది. మునిలక్ష్మి దొర వంక చూసింది.

"నీ జిమ్మడ" అంది మెల్లగా.

"చాలదు" అన్నాడు దొర.

"నీ జిమ్మడ, ఆడపిల్లకాడ బేరమా? నీ నాలుక్కి వాతలు పెట్ట, నీ గడ్డానికి చెదలు పట్ట, నీ బస్సు..." అని, బస్సును ఏమనబోయిందో మళ్లీ మింగేసింది.

బస్సంతా నవ్వింది. మునిలక్ష్మి కూడా.

"ఖలాస్" అంటూ దొర పక్కకు జరిగాడు. ఆ పిల్ల టిక్కెట్టు కొనుక్కున్నదానిలా తలెత్తుకుని ఎక్కి కూర్చుంది. సుబ్బరత్నమ్మ వెనకే ఎక్కి కిటికీ పక్కన చేరింది.

బస్సు కదిలాక గానీ డ్రైవర్ సుభాన్ అసలు సంగతి చెప్పలేదు. ఆ పిల్ల కూర్చున్నది దొర సీటు, బస్సులో ఇంకోటి ఖాళీ లేదు.

సుబ్బరత్నమ్మ కిటికీలోంచి సగం బయటికి వంగింది. "దొరా! సీటిచ్చేస్తివే, నీకేం మిగిలింది?"

దొర చేతులు రెండూ ఊపాడు. "మంచి బేరం" అని అరబ్బీలో కేకేసి, బస్సు మలుపు తిరిగేదాకా, వీడ్కోలు చెబుతున్నంత ప్రేమగా, "నీ జిమ్మడ! నీ జిమ్మడ!" అంటూనే ఉన్నాడు.